ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే జెడ్ ఎందుకు జారుతోంది? సేఫ్టీ రిలేని సర్వో డ్రైవ్‌లకు కలిపే పద్ధతి

ప్రశ్న: బాలానగర్‌లోని జాబ్ వర్క్ షాపులో పాత వీఎంసీని (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్‌ని) రెట్రోఫిట్ చేశాం. అడ్డంగా కదిలే ఎక్స్, వై యాక్సిస్‌లకు 750 వాట్ల సర్వోలు, పైకీ కిందికీ కదిలే జెడ్‌కు బ్రేక్ ఉన్న 1 కిలోవాట్ సర్వో, టూల్‌ని తిప్పే స్పిండిల్‌కు 5.5 కిలోవాట్ మోటారు, దానికో వీఎఫ్‌డీ (వేగం మార్చే డ్రైవ్). ఎమర్జెన్సీ స్టాప్ బటన్ సేఫ్టీ రిలేకి, రిలే నుంచి మెయిన్ కాంటాక్టర్‌కి వెళ్తుంది. కాంటాక్టర్ పడితే డ్రైవ్‌లకూ వీఎఫ్‌డీకీ సప్లై పోతుంది. నొక్కినప్పుడల్లా జెడ్ రెండు మూడు మిల్లీమీటర్లు జారుతోంది, స్పిండిల్ చాలాసేపు తిరుగుతూనే ఉంటోంది, మళ్లీ ఆన్ చేస్తే డ్రైవ్‌లలో అండర్ వోల్టేజ్ అలారం. డ్రైవ్‌లకు ఎస్‌టీఓ (సేఫ్ టార్క్ ఆఫ్, మోటారుకి టార్క్ రాకుండా ఆపే సేఫ్టీ ఇన్‌పుట్) కనెక్టర్ ఉంది, అందులో కంపెనీ జంపరే ఉంచేశాం. ఎలా మార్చాలి?

జవాబు:

మీ మూడు బాధలకూ మూలం ఒకటే. బటన్ నొక్కగానే సప్లై, టార్క్ (మోటారు తిప్పే బలం), బ్రేక్ కరెంటు మూడూ ఒకే క్షణంలో పోతున్నాయి. జరగాల్సింది ఒక వరసలో: ముందు డ్రైవ్ తన బలంతోనే యాక్సిస్‌ని ఆపాలి, ఆగాక బ్రేక్ పట్టాలి, బ్రేక్ పట్టాక టార్క్ తీసేయాలి. మెయిన్ సప్లై తీయడం వరసలో ఆఖరిది, ఎస్‌టీఓ ఉన్న డ్రైవ్‌కు చాలాసార్లు అవసరమే పడదు. ఈ వరసని వైర్లతో కట్టడమే మీ పని.

మెషిన్ల విద్యుత్ భద్రత ప్రమాణం ఐఈసీ 60204-1 ఆపడాన్ని మూడు కేటగిరీలు చేసింది. 0 అంటే శక్తిని వెంటనే తీసేయడం. 1 అంటే శక్తి ఉండగానే అదుపులో ఆపి, ఆగిన తర్వాత తీసేయడం. 2 అంటే ఆపి, శక్తిని అలాగే ఉంచడం. ఎమర్జెన్సీ స్టాప్‌కు 0 లేదా 1 మాత్రమే ఒప్పుకుంటారు. మీరు కట్టింది 0. మీకు కావాల్సింది 1.

తేడా ఎంతో లెక్క వేసి చూడండి. ర్యాపిడ్ (కోత లేకుండా కదిలే పూర్తి వేగం) నిమిషానికి 15 మీటర్లంటే సెకనుకు 250 మి.మీ. డ్రైవ్ దాన్ని 0.15 సెకన్లలో ఆపితే టేబుల్ ఇంకో 19 మి.మీ. కదిలి నిలబడుతుంది. టార్క్ తీసేసి రాపిడికే వదిలేస్తే, ఆగడానికి అర సెకను పట్టిందనుకుందాం, 62 మి.మీ. పోతుంది. చాలా డ్రైవ్‌లలో టార్క్ పోగానే మోటారు వైండింగ్‌ని షార్ట్ చేసే డైనమిక్ బ్రేక్ ఉంటుంది, కాబట్టి ఎక్స్, వైలు మరీ వదిలేసినట్టు పోవు. కానీ దాని పట్టు వేగంతో పాటే తగ్గిపోతుంది, నిలబడి ఉన్న యాక్సిస్‌ని అది పట్టుకోలేదు. జెడ్‌కు అది దిక్కు కాదు. పైగా ప్రతిసారీ డైనమిక్ బ్రేక్ మీదే ఆపుతుంటే దాని రెసిస్టరూ కాంటాక్టూ కాలిపోతాయి.

ముందు బటన్ సంగతి. రిలే ఎంత ఖరీదైనదైనా బటన్ వెనక జరిగేది దానికి కనిపించదు. పసుపు నేపథ్యం మీద ఎర్ర పుట్టగొడుగు తల, నొక్కితే అక్కడే లాక్ అయ్యే రకం, వెనక రెండు ఎన్‌సీ (నొక్కనప్పుడు మూసి ఉండే) కాంటాక్టు బ్లాకులు. ఆ ఎన్‌సీలు డైరెక్ట్ ఓపెనింగ్ రకమై ఉండాలి. అంటే కాంటాక్టు అంటుకుపోయినా బటన్ కాడ నేరుగా తోసి విడదీయాలి, స్ప్రింగ్ మీద ఆధారపడకూడదు. బ్లాకు మీద వలయంలో బాణం గుర్తు ఉంటే అదే. ఎక్కువ మంది చూడనిది ఇంకోటుంది. ప్లాస్టిక్ బ్లాకు వైబ్రేషన్‌కి తల నుంచి ఊడి ప్యానెల్ వెనక వేలాడుతుంటుంది. అప్పుడు బటన్ నొక్కినా రెండు ఎన్‌సీలూ మూసే ఉంటాయి, రిలే దృష్టిలో అంతా బాగానే ఉంది. ఊడితే తానే తెరుచుకునే సెల్ఫ్ మానిటరింగ్ బ్లాకులు దొరుకుతాయి. బటన్‌కు పెట్టే డబ్బు అక్కడ పెట్టండి.

ఇన్‌పుట్ వైరింగ్ సులువే. ఎస్11 నుంచి బయలుదేరిన వైరు బటన్ మొదటి ఎన్‌సీ గుండా ఎస్12కి రావాలి, ఎస్21 నుంచి బయలుదేరింది రెండో ఎన్‌సీ గుండా ఎస్22కి. టెర్మినల్ పేర్లు కంపెనీని బట్టి మారతాయి, మీ రిలే పక్కన ముద్రించిన బొమ్మే ప్రమాణం. రెండు ఛానెళ్లూ వేర్వేరు పొటెన్షియల్ మీద నడుస్తాయి కాబట్టి కేబుల్ నలిగి రెండూ కలిస్తే రిలే పడిపోయి రీసెట్ కాదు. ఖర్చు తగ్గుతుందని ఒకే ఎన్‌సీని రెండు ఛానెళ్లకూ లూప్ వేస్తే ఈ రక్షణంతా పోయింది, మామూలు రిలే కొన్నా సరిపోయేది. ఆపరేటర్ ప్యానెల్ బటన్, టూల్ ఛేంజర్ దగ్గరది, హ్యాండ్‌వీల్ పెండెంట్ మీదది, చిప్ కన్వేయర్ దగ్గరది ఉంటే అన్నిటి మొదటి ఎన్‌సీలూ ఒక సిరీస్‌లో, రెండో ఎన్‌సీలు ఇంకో సిరీస్‌లో. పెండెంట్ కేబుల్ మెషిన్‌లో అన్నిటికన్నా ముందు తెగే కేబుల్. దానిలో ఎమర్జెన్సీ కోర్లకు విడి రంగులు పెట్టుకుంటే వెతకడం తేలిక.

రీసెట్ చేత్తో చేసేదే ఉండాలి, అదీ మానిటర్డ్ రకం. ఎమర్జెన్సీ బటన్‌ని తిప్పి వదిలినంత మాత్రాన ఏదీ కదలకూడదు. మానిటర్డ్ రీసెట్‌లో రిలే బటన్ నొక్కి వదలడాన్ని చూస్తుంది, నొక్కి ఉంచడాన్ని కాదు. ఎవరైనా రీసెట్ బటన్‌ని అగ్గిపుల్ల పెట్టి బిగించినా మెషిన్ దానంతటది లేవదు. ఆటో స్టార్ట్ లింకు ఎమర్జెన్సీ స్టాప్ రిలేకి వేయకూడదు. రీసెట్ బటన్ నీలం రంగుది, పని జరిగే చోటు కనిపించే దగ్గర, గార్డు బయట పెట్టండి.

ఇప్పుడు అవుట్‌పుట్‌లు, అసలు మార్పు ఇక్కడే. మీ రిలేలో వెంటనే తెరుచుకునే కాంటాక్టులే ఉంటే దాన్ని మార్చాలి. రెండు వెంటనే తెరుచుకునేవి, రెండు ఆలస్యంగా తెరుచుకునేవి ఉన్న రకం కావాలి, పిల్జ్ పీఎన్‌ఓజెడ్ ఎస్5 లాంటిది. వెంటనే తెరుచుకునేవి 13-14, 23-24 అని, ఆలస్యపువి 37-38, 47-48 అని రాసి ఉంటాయి. చివరి అంకెలు 7, 8 అయితే ఆలస్యపు ఎన్‌ఓ (రిలే పడి ఉన్నప్పుడు తెరిచి ఉండే) కాంటాక్టని ఎక్కడైనా గుర్తు. ఉన్న రిలేకి మామూలు ఎలక్ట్రానిక్ టైమర్ తగిలించి ఆలస్యం తెస్తామంటే కుదరదు. ఆ టైమర్ కాంటాక్టు అంటుకుపోతే చెప్పేవాడు లేడు.

13-14ని కంట్రోలర్ ఎమర్జెన్సీ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. 23-24ని డ్రైవ్‌ల వేగంగా ఆపే ఇన్‌పుట్‌లకు. మిత్సుబిషి ఎంఆర్-జే4 అయితే అది ఈఎం2, డ్రైవే వేగం తగ్గించి ఆపుతుంది. ఈఎం1ని ఎంచుకుంటే డైనమిక్ బ్రేక్ మీద ఆపుతుంది, మీకు అది వద్దు. డెల్టా ఏఎస్‌డీఏలో ఈఎంజీఎస్ ఇన్‌పుట్, అది పడితే ఏఎల్013 చూపిస్తుంది. అలాంటి ఇన్‌పుట్ లేని డ్రైవ్‌ని కంట్రోలరే ఆపాలి, అందుకే కంట్రోలర్‌కి వార్త వెంటనే అందాలి. కంట్రోలర్ సప్లై, డ్రైవ్‌ల కంట్రోల్ సప్లై ఎప్పుడూ తీయకండి. పొజిషన్ అక్కడే బతికుంటుంది.

పల్స్, డైరెక్షన్‌తో నడిచే కంట్రోలర్ అయితే ఇంకో ప్రమాదం. టార్క్ పోయాక కూడా కంట్రోలర్ పల్సులు పంపుతూ ఉంటే, డ్రైవ్ వాటిని లెక్కపెట్టుకుని ఉంచితే, తిరిగి ఆన్ చేయగానే యాక్సిస్ ఎగిరి దూకుతుంది. టార్క్ లేని సమయంలో డీవియేషన్ కౌంటర్ (పంపిన పల్సులకూ మోటారు కదిలినదానికీ ఉన్న తేడా లెక్క) సున్నా అయ్యేలా డ్రైవ్‌లో సెట్టింగ్ చూసుకోండి. ఎమర్జెన్సీ తర్వాత హోమింగ్ (యాక్సిస్‌ల సున్నా స్థానం మళ్లీ పట్టడం) తప్పనిసరి చేయండి, అబ్సల్యూట్ ఎన్‌కోడర్ అయితే తప్ప.

ఆలస్యపు 37-38 గుండా 24 వోల్టులు అన్ని డ్రైవ్‌ల మొదటి ఎస్‌టీఓ ఛానెల్‌కి, 47-48 గుండా రెండోదానికి. మూడు డ్రైవ్‌ల మొదటి ఛానెళ్లు ప్యారలల్‌గా, రెండో ఛానెళ్లు ప్యారలల్‌గా. ఒకే కాంటాక్టు నుంచి రెండు ఛానెళ్లకూ జంపర్ కొట్టకండి, ఎక్కువ ప్యానెళ్లలో కనిపించే తప్పు ఇదే. యస్కావా సిగ్మా-7లో సీఎన్8 కనెక్టర్: 4వ పిన్ మొదటి ఛానెల్ ప్లస్, 3 మైనస్, 6 రెండో ఛానెల్ ప్లస్, 5 మైనస్, 8 ఈడీఎం (డ్రైవ్ తిరిగి చెప్పే మానిటర్ అవుట్‌పుట్) ప్లస్, 7 మైనస్. పానాసోనిక్ మినాస్ ఏ5, ఏ6ల ఎక్స్3 కనెక్టర్‌లోనూ ఇదే వరస. మిత్సుబిషి జే4 సీఎన్8 వేరు: 3 కామన్, 4 ఎస్‌టీఓ1, 5 ఎస్‌టీఓ2, 6, 7 మానిటర్ అవుట్‌పుట్‌లు, 8 వాటి కామన్. కనెక్టర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కదా అని ఒకదాని కేబుల్ ఇంకోదానికి పెట్టకండి. కంపెనీ జంపర్‌ని తీసి పారేయకుండా ప్యానెల్ తలుపు లోపల టేపుతో అంటించి, మీద ‘పరీక్షకు మాత్రమే’ అని రాయడం మామూలే. నా సలహా మాత్రం దాన్ని ప్యానెల్‌లో ఉంచొద్దని. ప్రొడక్షన్ ఆగినప్పుడు రాత్రి షిఫ్టువాళ్లు దాన్నే పెట్టేస్తారు.

రెండు ఛానెళ్లు ఒకేసారి పడకపోతే డ్రైవ్ గుర్తుపడుతుంది. జే4లో అది ఏఎల్.68. మోటారు నిమిషానికి 50 చుట్లు దాటి తిరుగుతుండగా ఎస్‌టీఓ పడితే ఏఎల్.63 వస్తుంది. ఈ 63 మీకు మంచి సాక్షి: ఎమర్జెన్సీ నొక్కినప్పుడల్లా అది వస్తోందంటే ఆలస్యం చాలడం లేదు, లేదా ఆపే ఆదేశం డ్రైవ్‌కు అందడమే లేదు. యస్కావాలో ఎస్‌టీఓ పడితే ప్యానెల్ మీద హెచ్‌బీబీ అని వస్తుంది. రీసెట్ చేశాక సర్వో ఆన్ సిగ్నల్‌ని ఒకసారి తీసి మళ్లీ ఇస్తేనే అది పోతుంది. ‘ఎస్‌టీఓ కలిపాక డ్రైవ్ లేవడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం, కంట్రోలర్ సర్వో ఆన్‌ని అలాగే పట్టుకుని కూర్చుంటుంది.

ఆలస్యం ఎంత పెట్టాలి? ఆపడానికి 0.15 సెకన్లు, బ్రేక్ పట్టడానికి 0.1, కంట్రోలర్ స్పందనకు 0.05. మొత్తం 0.3. యాక్సిస్‌లకు 0.5 సెకన్లు పెట్టండి చాలు. ఎందుకైనా మంచిదని మూడు సెకన్లు పెట్టకండి. కంట్రోలర్ పిచ్చెక్కి ఆపే ఆదేశం పట్టించుకోని రోజున ఆ ఆలస్యం మొత్తం యాక్సిస్ పూర్తి వేగంతో పోతుంది. 0.5 సెకన్లకు అది 125 మి.మీ., మూడు సెకన్లకు 750 మి.మీ., అంటే టేబుల్ ఆ కొస నుంచి ఈ కొసకు.

ఈడీఎం అవుట్‌పుట్ అంటే ‘నా రెండు ఛానెళ్లూ నిజంగా పడ్డాయి’ అని డ్రైవ్ చెప్పే మాట. మూడు డ్రైవ్‌ల ఈడీఎంలనూ సిరీస్‌లో పెట్టి రిలే రీసెట్ లూపులో కలపండి. ఏ ఒక్కటి పడకపోయినా రిలే మళ్లీ లేవదు. ఇవి ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్‌లు, ప్లస్ మైనస్ తారుమారైతే పనిచేయవు. ఒక్కోదాని మీద వోల్టు దాకా పోతుంది, మూడు కలిశాక రిలే ఇన్‌పుట్‌కి వోల్టేజీ చాలుతుందో లేదో మీటర్‌తో చూడండి. చాలకపోతే ఒక్కో ఈడీఎంతో ఒక్కో ఫోర్స్ గైడెడ్ రిలే (ఒక కాంటాక్టు అంటుకుపోతే ఎదురు కాంటాక్టు మూయని రకం) నడిపి, వాటి కాంటాక్టుల్ని లూపులో పెట్టొచ్చు. ఇంకో సంగతి, ఆలస్యం పూర్తయ్యేదాకా ఈడీఎం మూయదు, కాబట్టి నొక్కిన మరుక్షణం రీసెట్ కొడితే పనిచేయకపోవడం సరైనదే.

సేఫ్టీ పీఎల్‌సీ ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్‌తో ఎస్‌టీఓ నడిపితే, అది తనను తాను పరీక్షించుకోవడానికి మిల్లీసెకను లోపు ఆఫ్ పల్సులు పంపుతుంది. డ్రైవ్ మాన్యువల్‌లో ఎంత వెడల్పు పల్సు దాకా పట్టించుకోదో ఉంటుంది, అది సరిపోల్చకపోతే వారానికోసారి కారణం తెలియని ట్రిప్పులు. రిలే కాంటాక్టుతో ఈ తలనొప్పి లేదు. రిలేకి వేరే తలనొప్పుంది: ఎస్‌టీఓ ఇన్‌పుట్ లాగేది కొన్ని మిల్లీయాంపులే, ఒకప్పుడు కాంటాక్టర్ కాయిల్‌ని నడిపి ఆర్క్‌కి పూత కాలిన కాంటాక్టు అంత చిన్న కరెంటుని నమ్మకంగా మోయదు. పాత రిలేలో కాయిల్ నడిపిన కాంటాక్టుని ఎస్‌టీఓకి మళ్లించకండి.

ఇక జెడ్. సర్వో మోటారు బ్రేక్ నిలబెట్టి పట్టుకోవడానికే గాని తిరిగేదాన్ని ఆపడానికి కాదు. అది పట్టడానికి 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఆధారం లేకుండా వదిలిన వస్తువు 100 మిల్లీసెకన్లలో 49 మి.మీ. పడుతుంది. బాల్ స్క్రూ రాపిడి, రోటర్ జడత్వం, కౌంటర్ వెయిట్ ఉంటే అదీ కలిసి మీ 49ని రెండు మూడుకి తగ్గిస్తున్నాయి. ఆ రెండు మి.మీ. చాలు, టూల్ విరగడానికీ జాబ్ పాడవడానికీ.

విరుగుడు డ్రైవ్‌లోనే ఉంది. సర్వో ఆఫ్ ఆదేశం వచ్చినప్పుడు ముందు బ్రేక్ అవుట్‌పుట్ వదిలి, కొన్ని మిల్లీసెకన్లు టార్క్ పట్టుకుని, తర్వాత వదలమని చెప్పే పారామీటర్: యస్కావాలో పీఎన్506, పది మిల్లీసెకన్ల లెక్కన, అంటే 15 పెడితే 150. డెల్టాలో పీ1-43, మిత్సుబిషి జే4-బీలో పీసీ02 (జే4-ఏలో పీసీ16), పానాసోనిక్‌లో పీఆర్4.37. యస్కావాలో కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఇది సున్నా, మిగతావాటిలోనూ ఎవరైనా మార్చారేమో చూడకుండా నమ్మొద్దు. బ్రేక్ డేటా షీట్‌లోని పట్టే సమయానికి సగం మళ్లీ కలిపి పెట్టండి. కానీ ఈ వరస సర్వో ఆఫ్‌కే, ఎస్‌టీఓకి కాదు. ఎస్‌టీఓ పడితే టార్క్ ఆ క్షణమే పోతుంది, ఏ పారామీటరూ కాపాడదు. అందుకే ఆలస్యపు కాంటాక్టు.

బ్రేక్ వైరింగ్‌లో మూడు చోట్ల దెబ్బతింటారు. డ్రైవ్ అవుట్‌పుట్ పదుల మిల్లీయాంపులే మోస్తుంది, బ్రేక్ కాయిల్‌కు అర యాంపు దాకా కావాలి, మధ్యలో రిలే తప్పనిసరి. రెండోది, కాయిల్ మీద ఉత్త డయోడ్ పెడితే కరెంటు లోపలే తిరిగి బ్రేక్ పట్టడం బాగా ఆలస్యమవుతుంది. వేరిస్టర్ గాని, డయోడ్‌తో జీనర్ గాని పెట్టండి. మూడోది, బ్రేక్ సప్లై స్విచింగ్ డీసీ వైపే జరగాలి. రెక్టిఫయర్‌కు ముందు ఏసీ వైపు తీస్తే రెక్టిఫయరే ఫ్రీ వీలింగ్ డయోడ్ అయి కూర్చుంటుంది. బ్రేక్ కాయిల్ సప్లైలో సేఫ్టీ రిలే ఆలస్యపు కాంటాక్టు ఇంకొకటి సిరీస్‌లో ఉంటే డ్రైవ్ అవుట్‌పుట్ అంటుకుపోయినా బ్రేక్ పడుతుంది. రిలేలో కాంటాక్టులు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్ తగిలించండి.

స్పిండిల్‌ని యాక్సిస్‌లతో కట్టేయకండి, దానికి విడి ఆలస్యం కావాలి. లెక్క ఇది. స్పిండిల్, టూల్, మోటారు కలిసి జడత్వం 0.05 కేజీ చదరపు మీటర్లనుకుందాం, వేగం 6000. అంటే సెకనుకు 628 రేడియన్లు, నిల్వ ఉన్న శక్తి దాదాపు 9,870 జౌల్స్. రెండు సెకన్లలో ఆపాలంటే సగటున 4.9 కిలోవాట్లు, వేగం సమంగా తగ్గిస్తే మొదటి క్షణంలో దానికి రెట్టింపు, 9.9 కిలోవాట్లు. బ్రేకింగ్ రెసిస్టర్ లేని వీఎఫ్‌డీ దీన్ని ఎక్కడ పెట్టుకోవాలి? దాని లోపలి డీసీ బస్ వోల్టేజీ పెరిగి ఓవర్ వోల్టేజ్ ట్రిప్పై స్పిండిల్‌ని వదిలేస్తుంది. ‘రాంప్ తగ్గించినా కోస్ట్ అవుతోంది’ అంటే ఇదే. 415 వోల్టుల వీఎఫ్‌డీలో బ్రేక్ ట్రాన్సిస్టర్ 760 వోల్టుల దగ్గర పనిచేస్తే రెసిస్టర్ విలువ 760 వర్గం భాగించు 9,870, దాదాపు 58 ఓమ్స్. వీఎఫ్‌డీ మాన్యువల్‌లో రాసిన కనీస ఓమ్స్ కన్నా తక్కువకి పోకండి, బ్రేక్ ట్రాన్సిస్టర్ పేలుతుంది. అంత గట్టిగా ఆపాల్సిన అవసరం లేకపోతే మూడు సెకన్లు పెట్టుకోండి, రెసిస్టర్ మీద భారం తగ్గుతుంది. వెంటనే తెరుచుకునే కాంటాక్టు వీఎఫ్‌డీ ఫాస్ట్ స్టాప్ ఇన్‌పుట్‌కి, మూడు నాలుగు సెకన్ల ఆలస్యంతో ఉన్న రెండో సేఫ్టీ టైమర్ మాడ్యూల్ కాంటాక్టులు వీఎఫ్‌డీ ఎస్‌టీఓకి. యస్కావా ఏ1000లో అవి హెచ్1, హెచ్2, కామన్ హెచ్‌సీ, మధ్యలో జంపర్లు వేసి వస్తాయి. ఎస్‌టీఓ లేని చవక వీఎఫ్‌డీ అయితే దాని మెయిన్‌లో కాంటాక్టర్ తప్పదు, అది కూడా ఆలస్యం తర్వాతే పడాలి.

మరి ఇప్పుడున్న మెయిన్ కాంటాక్టర్? ఎస్‌టీఓ ఉన్న సర్వోలకు దాన్ని ఎమర్జెన్సీ లూపు నుంచి తీసేయొచ్చు. మీ అండర్ వోల్టేజ్ అలారం దాంతోనే పోతుంది, ఎందుకంటే సర్వో ఆన్‌లో ఉండగానే కాంటాక్టర్ మెయిన్ లాగేస్తోంది. డెల్టాలో ఏఎల్003, యస్కావాలో ఏ.410, మిత్సుబిషిలో ఏఎల్.10, అన్నీ ఈ మాటే చెప్తాయి. రోజుకు ఇరవైసార్లు మెయిన్ తీసి ఇస్తుంటే ప్రతిసారీ కెపాసిటర్లు నిండేటప్పుడు ఇన్‌రష్ రెసిస్టర్ వేడెక్కి, చివరికి ఓపెన్ అవుతుంది. డ్రైవ్ చచ్చిపోయిందనుకుని మార్చేస్తారు. ఇంకా 200 వోల్టుల సర్వోలకు 415 నుంచి దించే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో కాంటాక్టర్ ఉంటే, రీసెట్ చేసినప్పుడల్లా ఇన్‌రష్‌కి ఎంసీబీ కూడా ఎగురుతుంది.

డ్రైవ్‌లలో ఎస్‌టీఓ లేకపోతే రెండు కాంటాక్టర్లు సిరీస్‌లో పెట్టాలి. ఆలస్యం తర్వాత పడాలి, మెయిన్ టెర్మినళ్లే తీయాలి, కంట్రోల్ సప్లై ఉంచాలి. వాటి మిర్రర్ కాంటాక్టు రకం (మెయిన్ కాంటాక్టు అంటుకుపోతే మూయని) ఎన్‌సీలు రెండూ సిరీస్‌లో రీసెట్ లూపుకి. ఒక కాంటాక్టర్ అంటుకుపోతే రెండోది ఆపుతుంది, రీసెట్ మాత్రం అవదు. మోటారు, డ్రైవ్‌ల మధ్య యూ, వీ, డబ్ల్యూ వైర్లలో కాంటాక్టర్ పెట్టే ఆలోచన ఎవరైనా చెప్తే వినకండి. కరెంటు పోతుండగా అక్కడ తెరిస్తే ఆర్క్‌కి డ్రైవ్‌లోని ఐజీబీటీలు (పవర్ ట్రాన్సిస్టర్లు) పోతాయి, డైనమిక్ బ్రేకూ పనికిరాకుండా పోతుంది. కాంటాక్టర్ కాయిళ్లకు వేరిస్టర్ లేదా ఆర్‌సీ సప్రెసర్ పెట్టాలి, లేకపోతే సేఫ్టీ రిలే కాంటాక్టులు అంటుకుంటాయి. ఆ కాంటాక్టుల ముందు రిలే షీట్‌లో చెప్పిన ఫ్యూజు కూడా.

మీ మెషిన్ కాకుండా ఒరిజినల్ ఫానుక్ ఆల్ఫా ఐ యాంప్లిఫయర్లున్న మెషిన్ వేరే దారి. ఎమర్జెన్సీ కాంటాక్టు పవర్ సప్లై మాడ్యూల్ సీఎక్స్4కి, ఇంకోటి కంట్రోల్ ఎక్స్8.4 ఇన్‌పుట్‌కి వెళ్తాయి. మాడ్యూలే వరస చూసుకుని సీఎక్స్3 ద్వారా మెయిన్ కాంటాక్టర్‌ని పడేస్తుంది. అందులో మీ సొంత టైమర్లు దూర్చకండి.

24 వోల్టుల సప్లైలో సున్నా వైపుని ఒకే చోట ఎర్త్ చేయండి. అలా చేస్తే ప్లస్ వైరు బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది. చేయకపోతే ఒక ఫాల్ట్ కనిపించకుండా దాక్కుంటుంది, రెండోది వచ్చినప్పుడు కాంటాక్టుని బైపాస్ చేసి ఎస్‌టీఓని ఆన్‌లోనే ఉంచేయొచ్చు. బ్రేక్‌లకూ సోలినాయిడ్లకూ విడి ఎస్‌ఎంపీఎస్ (24 వోల్టుల పవర్ సప్లై) పెట్టండి. ఒకే దాని మీద అన్నీ ఉంటే బ్రేక్ ఎత్తిన క్షణంలో వోల్టేజీ పడి సేఫ్టీ రిలే రాలిపోతుంది. మే నెలలో ప్యానెల్ లోపలి వేడికి ఎస్‌ఎంపీఎస్ రాసినంత కరెంటు ఇవ్వదు, వేసవిలో మాత్రమే వచ్చే ట్రిప్పులకు ముందు అక్కడ మీటర్ పెట్టండి.

సేఫ్టీ రిలే కాంటాక్టుని డ్రైవ్ సర్వో ఆన్ ఇన్‌పుట్‌కి ఇచ్చి ‘సేఫ్టీ చేశాం’ అనుకోవడం కూడా చూస్తుంటాం. ఆ ఇన్‌పుట్ ఒక ఆప్టోకప్లర్, దాని వెనక ఫర్మ్‌వేర్. ఎస్‌టీఓ మాత్రం ఐజీబీటీల గేట్ పల్సులనే ఆపుతుంది. ఎస్‌టీఓ ఉన్నా ఒక చిన్న కదలిక మిగిలి ఉంటుంది. రెండు ఐజీబీటీలు ఒకేసారి షార్టయితే మోటారు ఒక్క కుదుపు కుదుపుతుంది, గరిష్ఠంగా 180ని పోల్ జతల సంఖ్యతో భాగించినన్ని డిగ్రీలు. ఐదు జతలుంటే 36 డిగ్రీలు, 10 మి.మీ. పిచ్ స్క్రూ మీద ఒక మి.మీ.

వైరింగ్ అయ్యాక పరీక్ష. టూల్ తీసేయండి, హెడ్ కింద చెక్క దిమ్మ పెట్టండి. మెషిన్ నిలబడి ఉండగా నొక్కి ఒక్కో డ్రైవ్ ఎస్‌టీఓ రెండు ఛానెళ్లూ ఆలస్యం తర్వాత 24 నుంచి 0కి పడుతున్నాయా కొలవండి. ఒక ఛానెల్ వైరు ఎస్12 దగ్గర ఊడదీస్తే రిలే పడాలి. వైరు తిరిగి పెట్టినంత మాత్రాన రీసెట్ కాకూడదు, బటన్ నొక్కి వదిలి రెండు ఛానెళ్లనూ తెరిచి మూసిన తర్వాతే అవ్వాలి. ఎస్12, ఎస్22 మధ్య లింకు వేసి షార్టుని పట్టుకుంటుందా చూడండి. రీసెట్ నొక్కి పట్టుకుని ఎమర్జెన్సీ బటన్ వదిలితే లేవకూడదు. ఒక్కో ఈడీఎం వైరు తీసి, రీసెట్ నిరాకరిస్తుందా చూడాలి. ప్రతి బటన్‌నీ విడిగా నొక్కి పరీక్షించాలి, ఒకటి పనిచేసిందని మిగతావి కూడా పనిచేస్తాయని కాదు. తర్వాత జెడ్ స్పిండిల్ ముక్కు కింద డయల్ పెట్టి, నిలబడి ఉన్నప్పుడు నొక్కి జారుడు ఎంతో చూడండి. పారామీటర్ సరిగా ఉంటే సూది 0.02, 0.03 మి.మీ. మించి కదలదు. మించితే బ్రేక్ ముందో టార్క్ ముందో తేలనట్టే, పీఎన్506 లాంటి విలువ పెంచండి. ఆఖరున ర్యాపిడ్ 25 శాతంలో, తర్వాత 100 శాతంలో నొక్కి ఎంత దూరం దాటిందో రాసిపెట్టండి. ఆ అంకెలు ప్యానెల్ తలుపు లోపల అంటించి ఉంటే ఏడాది తర్వాత బ్రేక్ అరిగిందో లేదో పోల్చడానికి అవే పనికొస్తాయి. బటన్‌ను ఏడాదికి ఒకసారైనా తప్పక, నెలకోసారైతే మరీ మంచిది, నొక్కి చూడాలి. ఎప్పుడూ నొక్కని రిలేలో అంటుకున్న కాంటాక్టు బయటపడే దారి లేదు.

ఎస్‌టీఓ పడ్డ డ్రైవ్‌లో బస్ వోల్టేజీ పూర్తిగా ఉంటుంది. మోటారు టెర్మినల్ విప్పాలన్నా, బ్రేక్ కాయిల్ మార్చాలన్నా మెయిన్ ఐసోలేటర్ తీసి తాళం వేయండి, ఛార్జ్ దీపం ఆరేదాకా, డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగండి, మీటర్‌తో చూసి ముట్టుకోండి. జెడ్ మోటారు విప్పేముందు ఆ చెక్క దిమ్మ హెడ్ కిందే ఉండాలి, మోటారు తీశాక హెడ్‌ని పట్టుకునే బ్రేక్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది.